బొగ్గు వాడని ఇల్లు

ఉగాండాలోని ముకోనోలో కియింబా మాస్టారి గేటుకు ‘ఇది బొగ్గు వాడని ఇల్లు’ అని ఆకుపచ్చ బోర్డు ఉంటుంది. పెట్టేముందు భార్య నబ్బోసాను ఆయన అడగలేదు. కవలల తల్లి ఆమె; అందరూ గౌరవంగా అలాగే పిలుస్తారు. రోజూ పొద్దున్నే స్నానాలగది వెనక వంగి కుంపటి రాజేస్తుంది, తర్వాత చేతుల మసిని నిమ్మచెక్కతో తోముకుంటుంది. అరటాకుల్లో చుట్టిన అరటికాయ ముద్ద, వాళ్ళ మతోకే, సన్నసెగ మీద గంటల తరబడి మగ్గాలి. గ్యాసు మీద వండిన ఒకే ఒక్క రోజు మాస్టారే “రాయిలా ఉంది” అని పళ్ళెం తోసేశాడు. ఆ తర్వాత ఆయన కుంపటి మాటెత్తలేదు, మూలపడ్డ కుంపటిని ఆమే వెతికి స్నానాలగది వెనక్కి చేర్చింది.

ఆదివారం ఆయన పర్యావరణ సంఘం వాళ్ళు భోజనానికొచ్చారు. అక్కడి ఆచారం ప్రకారం నబ్బోసా మోకాళ్ళ మీద కూర్చుని వడ్డిస్తోంది.

“కవలల తల్లీ, గ్యాసు మీద మతోకే ఇంత మెత్తగానా! నేను గ్యాసు మీద వండితే మా ఆయన ముట్టడు, బొగ్గుబస్తాని నాకంటే ఎక్కువ ప్రేమిస్తాడు,” అంది అధ్యక్షురాలు. అందరూ నవ్వారు. “ఎలా చేశావో చెప్పమ్మా.”

నబ్బోసా మొగుడి వంక చూసింది. ఆయన పళ్ళెంలోకి చూశాడు.

“సెగ తగ్గించాలండీ, అంతే.”

“చెబితే మాకేం తెలుస్తుంది? వచ్చే ఆదివారం మా ఆడవాళ్ళందరినీ తీసుకొస్తాను. మా కళ్ళముందే వండి చూపించు.”

“తప్పకుండా చూపిస్తుంది,” అన్నాడు మాస్టారు, మారు వడ్డించమని పళ్ళెం ముందుకు జరుపుతూ.