సగమే చూపించిన పెట్టె

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. కూరలో ఉప్పు లేకపోయినా మాట్లాడకుండా తినేసి లేచిపోతారు. అంకె తప్పితే మాత్రం ఆయనకు అన్నం సయించదు.

కరెంటు కొలిచే సెన్సర్లకు డ్రైవర్లనే ప్రోగ్రాములు రాయడం ఆయన ఉద్యోగం. ఇళ్లలో పెట్టుకునే బ్యాటరీ పెట్టెలు చేసే కంపెనీ అది. పెట్టెలో కరెంటంతా ఒక చిన్న రెసిస్టర్ గుండా పోతుంది. అక్కడ వోల్టేజి ఎంత తగ్గిందో సెన్సర్ చూస్తుంది. దాన్ని రెసిస్టర్ విలువతో భాగించి, ఇంత కరెంటు పోతోందని ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పేది ఆయన రాసిన డ్రైవర్. కరెంటు మరీ ఎక్కువైతే పెట్టె తనంతట తానే ఆగిపోవాలి.

కొనుగోళ్ల విభాగం వాళ్లు చవగ్గా దొరికిందని సగం విలువ ఉన్న రెసిస్టర్ వేయించారు. డ్రైవర్ రాసే మనిషికి ఓ మాట చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. ఇంకేముంది, ప్రతి పెట్టే ఉన్నదాంట్లో సగమే చూపించడం మొదలుపెట్టింది. ఆగాల్సిన చోట ఆగడం మానేసింది. మా ముందుగదిలో, అత్తగారి మంచం పక్కన కూడా అలాంటి పెట్టే ఉంది. ఓ సాయంత్రం ఆయన దాని తీగ మీద చెయ్యి వేసి, వేడికి చటుక్కున తీసేసుకున్నారు. తెర మీద అంకె మాత్రం ఏమీ ఎరగనట్టు ఉంది. ప్లగ్గు పీకేశారు.

మర్నాడే ఆఫీసులో పెట్టె విప్పి, రెసిస్టర్ మారిందని కనిపెట్టి, డ్రైవర్‌లో విలువ సరిచేశారు. మేనేజరు పిలిచాడట.

“నిన్నటిదాకా మన పెట్టె తక్కువ కరెంటు లాగేది. నువ్వు చెయ్యి పెట్టగానే రెట్టింపయింది. ఏం చేశావయ్యా?”

“అది లాగేదే అంత సార్. ఇన్నాళ్లూ మనమే తప్పు చదివాం. తీగలు కాలిపోతాయి.”

“ఇప్పటిదాకా ఎవరి కొంపా కాలలేదుగా. పాతదే ఉంచు.”

ఆయన ఉంచనన్నారు. మేనేజరు ఇంకొకరి చేత ఆ మార్పు తీయించాడు. మొహం బాగాలేదని అద్దం పగలగొట్టే రకం.

ఆదివారం పొద్దున ఆ మేనేజరే ఫోన్ చేశాడు. మా ఆయన గిన్నెలు తోముతుంటే నేనే స్పీకర్ నొక్కాను.

“మా ఇంట్లో కూడా ఒక పెట్టె పెట్టించానయ్యా. పిల్లలు పడుకునే గదిలో. నీ మార్పు ఉంది చూడు, అది దీనికొక్కదానికి వేసిపెట్టు. ఎవరితోనూ అనకు.”

ముందుగదిలోంచి అత్తగారు, “కాకి పిల్ల కాకికి ముద్దు. మరి నేనెవరికి ముద్దురా?” అన్నారు.

ఆయన కుళాయి కట్టేశారు. “అందరి పెట్టెలకూ పంపించండి సార్, మీ దానికీ వస్తుంది. అందాకా ప్లగ్గు పీకి ఉంచండి.”

అవతల ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నానికల్లా మేనేజరు చేతుల మీదుగానే మార్పు అందరి పెట్టెలకూ వెళ్లిపోయింది. ఆయన మిగిలిన గిన్నెలు తోముకున్నారు. ఆ ఫోన్‌ని మాత్రం నేను తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను.