చిన్న కారు చప్పుడు, ఖాజా భాయ్ నౌకరి

డెబ్బై ఒకటి జూన్‌ల నన్ను కొత్తగూడెం నుంచి గోదావరిఖని ఆటో వర్క్‌షాపుకు ఫోర్మన్‌గ బదిలీ చేసిండ్రు. బొగ్గు కంపెనీ జీపులు, లారీలు, అంబులెన్సులు, నీళ్ల ట్యాంకర్లు మరమ్మతు చేసే షెడ్డు అది. ఫోర్మన్ అంటే పైన ఇంజినీరుకు జవాబు చెప్పాలె, కింద మెకానిక్‌లతోని పని చేయించాలె. రెండు దిక్కులా మాటలు పడే నౌకరి. ఇంకొక మాట, బొగ్గు గనిని మా దిక్కు బాయి అంటరు. నేను గూడ అట్లనే రాస్త.

ఆ యేడు దసరా దాటినంక మా బాయి మేనేజర్ సాబ్‌కు కంపెనీ ఒక కొత్త చిన్న కారు ఇచ్చింది. అప్పటిదాక మేనేజర్లందరికి జీపులే. జీపుల్ల, లారీల్ల మునిగి తేలే మా మెకానిక్‌లకు ఆ కారు ముద్దుగ కనిపించింది. మొదటి సర్వీసుకు వచ్చిననాడు పని లేనోడు గూడ వచ్చి ఒక గుడ్డ పట్టుకొని తుడిచిండు.

నెల తిరగకముందే ఫిర్యాదు వచ్చింది. చేసింది మేనేజర్ సాబ్ కాదు, వారి ఇంటామె. ఆమె వెనుక సీట్ల కూసుంటే ఏదో గిర్రున దొర్లినట్టు, ఆ వెంటనే ఠక్కుమని కొట్టినట్టు చప్పుడు వస్తున్నదట. ఒక్కోసారి బజారు దాక ఏమీ ఉండదట, ఒక్కోసారి ప్రతి మలుపు కాడ వస్తదట. మేనేజర్ సాబ్ మాత్రం తాను ఎక్కినప్పుడు ఒక్కనాడు గూడ వినలేదన్నరు.

చప్పుడు పట్టుడుకు మా పనిల ఒక పద్ధతి ఉన్నది. ఇంజన్ రేసుతోని పెరిగితే ఇంజన్ల చూడాలె. బండి స్పీడుతోని పెరిగితే చక్రాలు, బేరింగులు చూడాలె. గుంతల పడ్డప్పుడే వస్తే స్ప్రింగులు, షాకబ్జార్బర్లు. ఇది మలుపుల వస్తున్నది గనుక వెనుక ఇరుసు మీద అనుమానపడ్డం. బండిని జాకీ మీద లేపి చక్రాలు చేతితోని ఊపి చూసినం, బోల్టులన్ని బిగించినం, సైలెన్సర్ క్లాంపు ఊడదీసి మళ్ల పెట్టినం. డిక్కీ గూడ తెరిచినం. అందుల మేనేజర్ సాబ్ బాయిల దిగేటప్పుడు వేసుకునే బూట్లు, హెల్మెట్, స్టెప్నీ ఉన్నయ్, అంతే. కారును ఫైవింక్లైన్ బాయి దిక్కు మలుపుల్ల తిప్పి తెచ్చిన. గప్‌చుప్. రెండోసారి వచ్చినప్పుడు గూడ అంతే. ఆ రెండుసార్లూ మేనేజర్ సాబే సాయంత్రం బాయి నుంచి పోతూ స్వయంగ కూసుండి తెచ్చిండ్రు. కొత్త బండి మీద వారికి అంత పానం.

రెండోసారి కూడ ఏం దొరకలేదంటే వారి మొఖం మారింది. తాను ఉంటే రాని చప్పుడు తాను లేనప్పుడే వస్తున్నదంటే, తాను లేనప్పుడు డ్రైవర్ ఖాజా బండి నడిపే తీరు వేరన్నరు. వర్క్‌షాపు రిపోర్టు రాంగనే ఖాజాను డ్రైవరు డ్యూటీ నుంచి తీసేస్తమన్నరు. బండిల లోపం లేదని రాస్తే ఆమె విన్న చప్పుడు ఖాజా మొరటుతనం. లోపం ఉన్నదని రాస్తే ఆ లోపం తెచ్చింది ఖాజా. మేం ఏది రాసినా అది ఆయన మెడకే చుట్టుకునేటట్టు ఉన్నది.

ఖాజా భాయ్ ముందుగాల బాయిల కప్పుకు దుంగలు నిలబెట్టే పని చేసేటోడు. ఒకనాడు కప్పు నుంచి బండ రాలి నడుము మీద పడ్డది. శానా రోజులు దవాఖానల ఉన్నడు. బరువు ఎత్తే పని ఇయ్యొద్దని డాక్టర్ రాస్తే, డ్రైవింగ్ నేర్చుకొని ఉపరితలం మీదికి వచ్చిండు. ఇప్పుడు డ్రైవరు డ్యూటీ పోతే బొగ్గు నింపే బంకరు కాడ జనరల్ మజ్దూర్ పనే దిక్కు, అంటే పొద్దందాక పార, తట్ట. ఆ నడుముతోని వారం గూడ నిలబడడు.

ఆ మాట తెలిసిననాడు షెడ్డుకు వచ్చి పాత టైరు మీద కూసున్నడు. నేను అడగకముందే, "ఫోర్మన్ సాబ్, చప్పుడు నిజమే, నేను గూడ విన్న. అమ్మగారు అబద్ధం ఆడలే" అన్నడు. నౌకరి పోయేటట్టున్న మనిషి, లేదని అంటే సరిపోయేదానికి ఉన్నదని ఒప్పుకున్నడు. నాకు ఆ మనిషి మీద పావురం, అభిమానం పుట్టింది. ఎట్లనన్న చేసి ఆ చప్పుడును దొరకబట్టాలె అనుకున్న.

ఇంజినీరు పర్మిషన్ తీసుకొని మేనేజర్ సాబ్ బంగళాకు పోయి ఇంటామెనే అడిగిన. కోస్తా దిక్కు నుంచి వచ్చినామె, చాయ తాగితే గాని లేవనియ్యలే. పొద్దున బజారుకు పోయినప్పుడు విన్నదట, పిల్లల బడి కాడికి పోయినప్పుడు విన్నదట. సాయంత్రం ఆమె, సాబ్ ఇద్దరూ కలిసి క్లబ్బుకు పోతే ఎన్నడూ లేదట. క్లబ్బుకు తోలేది ఎవరు అంటే ఖాజాయే అన్నది. అక్కడ నాకు దారి దొరికినట్టయింది. తోలే మనిషి రెండు వేళలా ఒక్కడే అయినప్పుడు తప్పు ఆయన చేతిల ఎట్ల ఉంటది?

మేనేజర్ సాబ్ మంచి భారీ మనిషి. ఆయన కూసుంటే స్ప్రింగు అణిగి చప్పుడు ఆగుతున్నదేమో అనుకున్న. ఒక ఆదివారం ఆయన లేకుండ కారు తెప్పించి మళ్ల తిప్పిన. అప్పుడు గూడ చప్పుడు లేదు. అంటే ఆయన బండిల లేనంత మాత్రాన చప్పుడు రాదు. మరి బజారు పొద్దుకు, ఆదివారానికి ఫరక్ ఏంది? పొద్దున ఆయన బాయిల ఉంటరు, ఆదివారం ఇంట్ల ఉంటరు. అది ఎందుకు ముఖ్యమో నాకు అప్పుడు అర్థం కాలే. కాని తేడా అదొక్కటే కనిపిస్తుంటే దాన్ని పట్టుకొనే పోవాలె గద.

తెల్లారి ఖాజాకు ఒక్కటే చెప్పిన. సాబ్ బాయిల దిగంగనే బంగళాకు పోకుండ, ఎక్కడా ఆపకుండ కారును నా కాడికి తేవాలె. తెచ్చిండు. నేను వెనుక సీట్ల కూసున్న. రైలు గేటు దాటి ఎడమకు తిరగంగనే గిర్ర్... ఠక్. నా వీపు వెనుకనే వచ్చింది. ఆపమన్న. దిగి డిక్కీ తెరిచిన. బూట్లు, హెల్మెట్ లేవు, స్టెప్నీ మాత్రం ఉన్నది. స్టెప్నీ ఇనుప చక్రం నడుమ గిన్నె లెక్క గుంట ఉంటది. ఆ గుంటల ఒక గుండ్రటి సిగరెట్ల డబ్బ ఉన్నది. ఊపితే లోపల లైటర్ గలగలమన్నది.

ఇక్కడ బాయి కాయిదా, అంటే రూలు, ఒకటి చెప్పాలె. లోపల గ్యాసు ఉంటది, ఒక్క అగ్గిపుల్ల చాలు అందరి పానాలు పోవటానికి. అందుకని బీడి, సిగరెట్, అగ్గిపెట్టె ఏదీ లోపలికి పోవద్దు. బాయి మూతి కాడ తనిఖీ మనిషి ఒకడు నిలబడి అందరి జేబులు తడుముతడు. దిగేటోళ్లు తమ బీడికట్టలు ఆయన చేతికి ఇచ్చి, పైకి వచ్చినంక తీసుకుంటరు. మేనేజర్ సాబ్ కాయిదా తప్పే మనిషి కాదు, డబ్బ లోపలికి ఎన్నడూ తీసుకపోలే. కాని తనిఖీ మనిషి చేతికి మాత్రం ఇయ్యలేకపోయిండ్రు. ఎందుకంటే ఆ తనిఖీ మనిషి పెండ్లాము బంగళాల వంట చేస్తది. దగ్గు ముదిరి దవాఖానకు పోయి వచ్చినంక సిగరెట్ మానేస్తనని ఆయన ఇంట్ల మాట ఇచ్చి ఉండిరట. అందుకే బూట్లు తొడుక్కునే వంకతోని డబ్బను స్టెప్నీల పెట్టి, పైకి రాంగనే మళ్ల జేబుల వేసుకుంటున్నరు. చప్పుడు చేసేది ఆయన జేబుల ఉన్నంతసేపు ఆయనకు చప్పుడు ఎట్ల వినిపిస్తది?

ఖాజా డబ్బను చూడంగనే గుర్తుపట్టిండు. సాబ్ సిగరెట్ తాగుతరని కాలనీ మొత్తానికి ఎరుక, ఎరుక లేనిది ఇంట్లనే.

"సాబ్, దాన్ని గట్లనే ఉండనియ్యుండ్రి. మియా బీబీ నడుమ మనకెందుకు?" అన్నడు.

"ఇప్పుడు వాళ్ల నడుమ ఇరుక్కున్నది నువ్వే ఖాజా భాయ్. పార పడితే పోయేది నీ నడుమే" అన్న. కోపంగనే అన్న.

మధ్యాహ్నం బాయి మూతి కాడ నిలబడ్డ. మేనేజర్ సాబ్ పైకి వచ్చిండ్రు, మొఖం మీద బొగ్గు, నెత్తి మీద దీపం. అందరూ పోయినంక, చేతులు తుడుచుకునే కాటన్ వేస్టుల చుట్టిన డబ్బను ఆయన చేతిల పెట్టి, చప్పుడు దొరికింది సార్ అన్న. విప్పి చూసి మళ్ల చుట్టిండ్రు. రిపోర్టుల ఏం రాస్తరని అడిగిండ్రు. డిక్కీల విడి వస్తువు దొర్లుతున్నదని, తీసేసినమని, డ్రైవర్ తప్పు లేదని రాస్తనన్న. ఏ వస్తువో రాయనని, ఎవరన్న అడిగితే మాత్రం అబద్ధం చెప్పనని గూడ అన్న. ఆయన డబ్బను జేబుల వేసుకొని కారెక్కి పోయిండ్రు. నేను ఆ పొద్దంతా భయంతోనే ఉన్న. ఖాజా నౌకరితోపాటు నా బదిలీ గూడ అయితదనుకున్న.

మరునాడు జరిగింది ఖాజా వచ్చి చెప్పిండు. మేనేజర్ సాబ్ అందరి లెక్కనే లైన్ల నిలబడి, జేబుల నుంచి డబ్బ తీసి తనిఖీ మనిషి చేతిల పెట్టిండ్రట. "ఇది నాది. పైకి వచ్చాక ఇవ్వు" అన్నరట. మధ్యాహ్నం వంట అయ్యేలోపు ఆ ఖబర్ ఎక్కడికి చేరుతదో ఆయనకు తెల్వదా? తెలిసే ఇచ్చిండ్రు. తరువాత ఖాజా దిక్కు తిరిగి, "అమ్మగారిని బజారుకి తీసుకెళ్ళు. ఇవాళ చప్పుడు ఉండదని నేను చెప్పానని చెప్పు" అన్నరట.

ఆ బంగళాల ఆ రాత్రి ఏమయిందో మాకు తెల్వదు, మేం అడగలే. ఖాజా భాయ్ రిటైర్ అయ్యేదాక స్టీరింగే పట్టిండు.

ఒకసారి వచ్చి ఒకసారి రాని చప్పుడు మీద నేను ఆ తరువాత ఎందరో మెకానిక్‌లకు పని నేర్పిన. చప్పుడు వచ్చినప్పుడు బండిల ఎవరున్నరని అందరూ అడుగుతరు, ఉన్నోని మీద తప్పు పెట్టుడు అల్కగ ఉంటది గనుక. అప్పుడు బండిల ఎవరు లేరు, వాళ్లు ఏం విడిచి పోయిండ్రు అని గూడ అడగాలె. అది అడిగినంకనే స్పానరు పట్టాలె.