పొదలో పడ్డ బంతికి పచ్చ జెండా

పచ్చ గుడ్డముక్క కట్టిన చిన్న కర్ర ఎంత బరువుంటుంది? పసిపిల్లలు కూడా ఊపుకుంటూ తిరగగలరు. నేను మాత్రం దాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను, దించుకోవడం చేతకాక. నా భార్యకు చెప్పలేదు. మా నాన్న బతికుండగా ఆయనకు అసలే చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. మన మధ్య మొహమాటం లేదు.

పోయిన ఆదివారం నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడుతున్నాను. ఆదివారం ఏం జరిగిందో చెప్పాలంటే ముందు అప్పటి సంగతి చెప్పాలి. అదే కష్టం.

మాది బెంగాల్లోని ఖరగ్‌పూర్. న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో పుట్టాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో కుదిరాడు. మా నాన్న గూడ్సు బండికి గార్డు. జయరాజ్ వాళ్ళది ట్రాఫిక్ కాలనీ. వాళ్ళూ మాలాగే తెలుగువాళ్ళు, చర్చికి వెళ్ళే కుటుంబం, వాళ్ళ నాన్నదీ రైల్వే ఉద్యోగమే. జయరాజ్, నేను ఒకే బడి, ఒకే బెంచీ. వరసకు ఏమీ కాకపోయినా నన్ను బావా అనేవాడు. ఇప్పటికీ అలాగే అంటాడు.

రైల్వే కాలనీ కుర్రాళ్ళకి గోల్ఫేమిటని మీరు నవ్వచ్చు. మా ఊళ్ళో ఆఫీసర్ల కోసం ఎప్పుడో వేసిన మైదానం ఉంది. ఎర్ర మొరం నేల, మధ్యలో దారిలా గడ్డి, రెండు వైపులా ముళ్ళపొదలు. ఆఫీసర్ల బంతులు వెతికిపెడుతూ, వాళ్ళు వెళ్ళాక వాళ్ళలాగా కొడుతూ ఆట నేర్చుకున్నాం. జయరాజ్ నాకన్నా బాగా ఆడేవాడు. ఇది నా వినయం కాదు. నాకు వినయం తక్కువే. మైదానంలో గడ్డి కోసేవాళ్ళని అడిగినా అదే చెప్పేవారు.

మాకు ఉద్యోగాల వయసొచ్చిన ఏడు రైల్వే క్రీడల కోటాలో గోల్ఫుకి ఒకే ఒక్క ఉద్యోగం పడింది. ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఉద్యోగం నాకూ కావాలి, ఎవరికి వద్దు గనక? కానీ జయరాజ్‌కి అది ఉద్యోగం ఒక్కటే కాదు. ఇల్లు. వాళ్ళ నాన్న అప్పుడే రిటైరవుతున్నాడు. కొడుక్కి రైల్వేలో పని దొరికితే క్వార్టరు కొడుకు పేరు మీదికి మార్పించుకోవచ్చు. దొరక్కపోతే ఖాళీ చెయ్యాలి. అతను పుట్టి పెరిగిన ఇల్లు. వాళ్ళమ్మ వంటింటి గుమ్మం పక్కన వేసిన కరివేపాకు మొక్క అప్పటికి చూరు దాటింది. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

సెలక్షను దగ్గర పడిందనగా జయరాజ్‌కి వాళ్ళ మేనమామ ఒక కొత్త డ్రైవర్ తెచ్చిచ్చాడు. మా ఊళ్ళో డ్రైవరంటే ఇంజిను నడిపేవాడే. గోల్ఫులో మాత్రం మొదటి దెబ్బకి, బాగా దూరం కొట్టడానికి వాడే పెద్ద తల కర్ర. ఇది లో స్పిన్ రకం. మామూలు కర్రతో కొడితే బంతి గాల్లో వెనక్కి గిర్రున తిరుగుతూ పైకి లేచిపోతుంది, దూరం తగ్గుతుంది. ఈ రకం ఆ తిరుగుడుని తగ్గిస్తుంది. బంతి కిందుగా దూసుకుపోయి, నేల మీద పడ్డాక కూడా దొర్లుతూనే ఉంటుంది. ఎండిన మొరం మీదైతే ఇక చెప్పక్కర్లేదు.

అయితే ఇలాంటి కర్రకి ఒక జబ్బుంటుంది. తలలో బరువుని ముందుకి తెచ్చి పెడతారు. నట్టనడుమ తగిలితే దానికి తిరుగు లేదు. కాస్త పక్కకి తగిలిందా, తల మెలితిరిగి బంతి ఎటో కొట్టుకుపోతుంది. కొన్ని కర్రలు మనం తప్పుగా కొట్టినా కాచుకుని బంతిని దారిలోనే పడేస్తాయి. మేం దాన్ని మాఫ్ చెయ్యడం అనేవాళ్ళం. జయరాజ్ పాత కర్ర అలాంటిది. దూరం తక్కువే గానీ ఎక్కడ తగిలినా మాఫ్ చేసేది. ఆ పాత కర్రతో అతను సెలక్షనుకి వస్తే నేను గెలవడం కల్ల. కొత్తది ఎంత మాఫ్ చేస్తుందో తేల్చుకుని, దేన్ని తీసుకెళ్ళాలో నిర్ణయించుకుంటానన్నాడు. తేల్చడానికి నన్ను పిలిచాడు. పోటీదారుణ్ని! అతని మనసులో నేను పోటీదారుణ్ని కాదు. బావని.

బంతి వేగం, తిరుగుడు కొలిచే మెషీన్లు మా దగ్గరెక్కడివి? మా పద్ధతి మాకుంది. కర్ర ముఖం మీద టాల్కం పౌడరు చల్లుతాం. బంతి తగిలిన చోట పౌడరు చెరిగి మచ్చ పడుతుంది. నడుమ తగిలిందో పక్కకి తగిలిందో కొట్టినవాడు అక్కడే చూసుకుంటాడు. ముందు ఒక మిట్ట ఉంది, బంతి దాన్ని దాటి అవతల పడుతుంది. ఆ మిట్ట మీద రెండోవాడు మా నాన్న పాత జెండాలు పట్టుకుని నిలబడతాడు. గడ్డి దారిలో పడితే పచ్చ. పొదల్లో పడితే ఎర్ర. మచ్చ పక్కన ఉండి, జెండా పచ్చదైతే, కర్ర మాఫ్ చేసిందన్నమాట. తర్వాత బంతులన్నీ ఏరుకొచ్చే పని కూడా జెండా వాడిదే.

కొట్టినవాడు నడిచి వచ్చి చూసుకోవచ్చు కదా అని మీకు అనిపించాలి. బయటివాళ్ళకి ఎవరికైనా అనిపిస్తుంది. మాకు అనిపించదు. రైల్వే ఇళ్ళల్లో జెండా ఆటవస్తువు కాదు. మా నాన్న జెండాల్ని మా అమ్మ వేరే బకెట్లో ఉతికేది. చిన్నప్పుడు నేను పచ్చ జెండా పట్టుకుని వీధిలో పరుగెత్తితే మా నాన్న నన్ను కొట్టిన దెబ్బ ఇంకా గుర్తుంది. పచ్చ జెండా చూశాక ఇంజిను డ్రైవరు దిగొచ్చి పట్టాలు తడిమి చూసుకోడు. చూసుకోవాల్సొస్తే బళ్ళు నడవవు. జయరాజ్ అలాంటి ఇంట్లోనే పెరిగాడు. జెండా ఎత్తాక మిట్ట దాటి వచ్చి చూడడమంటే, అతని లెక్కలో, నా మొహం మీద ఉమ్మడమే.

పొద్దున్నే వెళ్ళాం. కొట్టేవాడికి ఎండ ఎదురు. జయరాజ్ టోపీ కనుబొమల మీదికి లాక్కున్నాడు. "ఎండ కళ్ళల్లో పొడిసీస్తంది బావా. బంతెటు పోతందో నాకు అవుపడదు. నువ్వే సూడు" అన్నాడు.

మొదటి బంతి అద్భుతం. పచ్చ ఎత్తాను. న్యాయంగానే ఎత్తాను. రెండోది మిట్ట దాటగానే కుడికి వంగి ముళ్ళపొదలో పడింది. పొద కదలడం చూశాను. ఒక పిట్ట లేచిపోవడం చూశాను. ఎర్ర జెండా కుడిచేతిలోనే ఉంది. లేచింది ఎడమచెయ్యి.

నా చేతి వంక చూసుకుని నిర్ఘాంతపోయాను. ఇదేమిటి, ఎవరు ఎత్తారు? దించెయ్యొచ్చు. పొరపాటైందిరా అని కేకెయ్యొచ్చు. అతను నవ్వి ఇంకొకటి కొట్టేవాడు. నేను దించలేదు. ముందే అనుకుని చేశానా అని తర్వాత ఎన్నిసార్లు తవ్వుకున్నానో. అనుకోలేదు, ఒట్టు. అనుకుని ఉంటే కనీసం నన్ను నేను దొంగని తిట్టుకునేవాణ్ణి. అనుకోకుండానే నా చేతికి ఇంత తెలుసా అన్నదే ఇవాళ్టికీ మింగుడుపడదు. మూడో బంతికి ఆశ్చర్యం కూడా పోయింది. ఆ తర్వాత ఎర్ర జెండా చుట్టచుట్టుకుని నా చంకలోనే ఉండిపోయింది.

బంతులన్నీ సంచీలో వేసుకుని వెనక్కి వస్తే జయరాజ్ ఎదురొచ్చి కావలించుకున్నాడు. "ఎలాగ తగిలినా పచ్చే బావా! ఇది కర్ర కాదు, దేవుడు!"

వేరే ఊళ్ళో జరిగిన సెలక్షనుకి కొత్త కర్రతోనే వెళ్ళాడు. కొట్టిన బంతి కొట్టినట్టు చెట్లలోకి పోయింది. పక్కకి పోయిన ప్రతిసారీ అతను కర్ర వంక చూడలేదు. తన చేతుల వంక చూసుకున్నాడు. అది చూస్తూ నేను నిలబడ్డాను. నా వంతు వచ్చింది, జాగ్రత్తగా ఆడాను. తిరిగొచ్చేటప్పుడు ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ అన్నాడు: "కర్రది తప్పేటి నేదు. మనం సూసినాం కదా. నా సేతులే బయపడిపోనాయి." ఒక్కోసారి అలా అవుతుందిలేరా, అన్నాను. ఆ టీ గొంతు దిగింది కూడా.

ఉద్యోగం నాకొచ్చింది. వాళ్ళు క్వార్టరు ఖాళీ చేసి నిమ్‌పురా అవతల అద్దె ఇంటికి మారారు. సామాను బండికెక్కించడానికి నేనూ వెళ్ళాను. బీరువా ఒక కొస అతను పట్టుకున్నాడు, ఒక కొస నేను. జయరాజ్ మళ్ళీ ఆట జోలికి పోలేదు. సరుకు దించే చోట సూపర్‌వైజరుగా కుదిరాడు. నా మీద కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది. తెచ్చుకోలేదు. ప్రతి క్రిస్మస్‌కీ వాళ్ళావిడ వండిన గులాబీ పువ్వులు మా ఇంటికొస్తాయి. మా పిల్లలు డబ్బా మూత తీసేదాకా ఆగరు. నేను ఒక్కటి తింటాను, తినకపోతే అడుగుతారని.

ఇక ఆదివారం. జయరాజ్ కూతురు గ్రేసీ ఇప్పుడు ఆడుతోంది. అచ్చం తండ్రి దెబ్బే. అటక మీది నుంచి ఆ కర్ర దించి, తుడిచి, పిల్లని వెంటబెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. "పిల్లకి పనికొస్తాదో నేదో తేల్చాల బావా. జెండా నీదే."

జెండాలు తీసుకుని వెళ్ళాను. ఈసారి నిజం చూపించి కడిగేసుకుంటాననుకున్నాను, పిచ్చివాణ్ణి. పిల్ల కొట్టింది. పొదలో పడింది. ఎర్ర. మళ్ళీ పొద. ఎర్ర. ఒకటి నడుమ తగిలి దారిలో పడింది, పచ్చ. మళ్ళీ ఎర్ర, ఎర్ర. ఆ పిల్లకి ఉక్రోషం వచ్చింది. వాళ్ళ నాన్న ఎప్పుడూ ఈ కర్ర ఎలా తగిలినా మాఫ్ చేస్తుందని చెబుతూ పెంచాడు మరి. గబగబా మిట్టెక్కి వచ్చింది, వెనక జయరాజ్.

"నానా, అంకులు సరిగ్గా సూపిస్తన్నారా?"

జయరాజ్ మొహం ఎర్రబడింది. "నోర్ముయ్యి! జెండా అట్టుకున్న మనిసిని అలాగ అడుగుతారేటి?"

నన్ను నలుగురిలో చెప్పుతో కొట్టినా అంత అదిరిపోయేవాణ్ణి కాను. నా నోటి నుంచి మాట దానంతటదే వచ్చేసింది. "అడగనీరా. ఆవేళ నేనే తప్పు సూపించినాను. పొదల్లో పడ్డవాటికీ పచ్చే ఎత్తినాను."

జయరాజ్ నా వంక చూడలేదు. కర్ర ముఖం మీది పౌడరుని బొటనవేలితో నెమ్మదిగా తుడిచాడు. పిల్ల మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. అప్పుడు అతను అన్నాడు.

"ఆ పొద్దు మంచు కదా బావా. మంచులో నీకు మాత్రం ఏటి అవుపడతాది?"

నేనేమన్నానో చెప్పనా? "అవును. మంచే" అన్నాను.

ఎంత తొందరగా అన్నానో! అతని మాట పూర్తయిందో లేదో, నా నోరు దాన్ని అందిపుచ్చుకుంది. ఇన్నేళ్ళు అయ్యాక, ఒప్పుకోవడానికి నోరు తెరిచి కూడా, దొరికిన మొదటి సందులోంచి జారుకున్నాను. అతను తలూపాడు. కర్ర చంకన పెట్టుకుని, పిల్లని స్కూటరెక్కించుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు వస్తాను బావా అన్నాడు, ఎప్పట్లాగే.

ఇంటికొచ్చి జెండాలు మూల పెడుతుంటే టోపీ గుర్తొచ్చింది. ఆ పొద్దున అతను కనుబొమల మీదికి లాక్కున్న టోపీ. ఎండ కళ్ళల్లో పొడుస్తోందన్నది అతనే. నేను కాదు. మరి మంచెక్కడిది? మరిచిపోయాడా? మరిచిపోయి ఉంటే, నా అబద్ధానికి ఇంకో అబద్ధం తోడైంది. మరిచిపోకపోతే? తెలిసే అన్నాడా? ఎప్పటి నుంచి తెలుసు? ఆదివారం తెలిసిందా, లేక బీరువాకి అటు కొస పట్టుకున్నప్పుడే తెలుసా? కూతురి ముందు నా పరువు కాపాడాడా, లేక నేనేమంటానో చూద్దామని ఆగాడా? నన్ను క్షమించి వదిలేశాడని అనుకోవడానికి నాకు ధైర్యం లేదు. అతను ఆ మాట అనలేదు. వెళ్ళి అడగడానికి అంతకన్నా లేదు.

అందుకే అక్కడ మింగేసిన మాటని ఇక్కడ మీ ముందు పెడుతున్నాను. దీంతో నాకు ఏదో దొరుకుతుందని కాదు. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

ఆ పొద్దున మంచు లేదు. ఎండ కాస్తోంది. ప్రతి బంతీ ఎక్కడ పడిందో నాకు కనబడింది. కనబడుతుండగానే పచ్చ జెండా ఎత్తాను.