కిందిదాకా చదివే ఉమారాణి

ఉమారాణికి పంతులమ్మ అని పేరు పెట్టింది నేనే. వనపర్తిలో ఆమె నెట్ సెంటరూ నా జిరాక్స్ షాపూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. పాలమూరు వాళ్ళ కోసం ఆమె నెట్‌లో ఒక గ్రూపు నడిపేది. హైదరాబాదులో, పుణెలో, బొంబాయిలో బతుకుతున్నవాళ్ళంతా అందులో చేరి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటూ ఊరి సంగతులు మాట్లాడుకునేవాళ్ళు. మాట్లాడుకోవడం ఏమిటి నా మొహం, కొట్లాడుకునేవాళ్ళు. పైనున్న ఒక్క ముక్క చదివి కింద బారెడు జవాబు రాసే మహానుభావులకు అక్కడ లోటే లేదు. అలాంటివాడు దొరికితే ఉమారాణి వదిలేది కాదు. "తమ్మీ, నువ్వడిగినదానికి గీత పొద్దుగాలనే జవాబు చెప్పింది. జర కిందిదాకా చదివి అప్పుడు రాయి" అని అంటించేది.

"ఏం పంతులమ్మా, ఇయ్యాల ఎవని చెవి మెలేసినవ్?" అని గోడ ఇవతలి నుంచి అరిచేవాణ్ణి.

"నీదే మిగిలింది శంకరన్నా, రా" అనేది.

ఊరందరి రాతలూ అంత ఓపికగా చదివే మనిషి, వాళ్ళమ్మ ఫోన్ చేస్తే మాత్రం నిలబడి వినేది కాదు. బల్మూరు నుంచి రుక్కమ్మ మొన్న చెప్పిందే మళ్ళీ మొదలుపెడితే, "తెల్సులేమ్మా, మొన్ననే చెప్పినవ్ గద. గిరాకి ఉంది, పెట్టేస్త" అనేది. మనమందరం అంతే కదా. నేనూ పట్టించుకోలేదు.

ఆ ఏడు, అంటే రెండువేల ఎనిమిదిలో, చైత్ర పౌర్ణమికి రుక్కమ్మ ఊరివాళ్ళతో కలిసి సలేశ్వరం జాతరకు పోయింది. నల్లమల లోయలో ఉన్న ఆ లింగమయ్య దగ్గరికి ఏడాదికి ఆ కొద్దిరోజులే దారి తెరుస్తారు. పోయేవాళ్ళు "వస్తున్నం లింగమయ్యా" అని కేకేస్తూ రాళ్ళదారిలో దిగుతారు. దర్శనం చేసుకుని తిరిగొచ్చేవాళ్ళు "పోయొస్తం లింగమయ్యా" అంటూ ఎక్కుతారు. రుక్కమ్మ దర్శనమైతే చేసుకుంది. తిరిగొస్తూ గుంపులోంచి తప్పిపోయింది.

మర్నాడు పొద్దున అడవి మొదట్లో ఉన్న మన్ననూరు నుంచి ఉమారాణి తమ్ముడు కురుమూర్తి ఫోన్ చేశాడు. "అక్కా, నిన్నటిసంది దేవులాడుతున్నం. యాడ లేదే. ఇయ్యాల్టితోని జాతర ఐపోతది. పొద్దుగూకితే ఫారెస్టోళ్ళు గేటు మూస్తరంట" అని బావురుమన్నాడు. గేటు మూశాక ఆ లోయలో మనిషన్నవాడు ఉండడు. చిరుతలు తిరిగే అడవి, ఆ ఎండలు, గొంతు తడుపుకుందామంటే చుక్క నీళ్ళు దొరకని దారి. ఉమారాణి కుర్చీలో కూలబడింది. నేను షాపు వదిలేసి ఆమె దగ్గరికి పరుగెత్తాను.

గ్రూపులో చాలామంది జాతరకు పోయి అప్పుడప్పుడే తిరిగొస్తున్నారు. అందుకని వెంటనే రాసింది. 'మా అమ్మ రుక్కమ్మ, బల్మూరు. పచ్చ చీర, ముంజేతి మీద తేలు పచ్చబొట్టు. ఎవరన్న చూసినరా?' అని కింద ఫోన్ నంబరు పెట్టింది.

ఇక మొదలైంది. అయ్యో పాపం అన్నవాళ్ళు, దేవుడున్నాడు అన్నవాళ్ళు. ఇంతలో శ్రవణ్ కుమార్ అనేవాడు, పచ్చ చీర కట్టుకున్న ముసలమ్మను మన్ననూరు బస్టాండులో వాళ్ళ బావ చూశాడని రాశాడు. కురుమూర్తి పరుగెత్తాడు. చూస్తే ఆమె లింగాల ఊరి మనిషి, కొడుకు కోసం కూర్చుంది. ఆ సంగతి ఉమారాణి రాసింది కూడా. ఎవడు చదివాడు? 'దొరికినందుకు సంతోషం' అంటూ మధ్యాహ్నం దాకా వస్తూనే ఉన్నాయి. ఆ పైన ఇద్దరు, తప్పు ఫారెస్టు వాళ్ళదా జనానిదా అని కలబడ్డారు. ఆ గొడవలో ఒకడు రాశాడు: 'ముసలోళ్ళను ఒంటిగ అడవిల ఇడిసిపెట్టి ఇప్పుడు నెట్ల ఏడిస్తే ఏం ఫాయిదా?'

నాకు ఒళ్ళు మండిపోయింది. "రాయి ఉమా! వాని తాట తియ్యి! నీకు చేతగాకుంటే చెప్పు, నేన్ రాస్త" అన్నాను.

కళ్ళనీళ్ళు కారుతుండగానే టకటకా కొట్టడం మొదలుపెట్టింది. సగంలో ఆగింది. "శంకరన్నా, నేను కూడ మొత్తం చదవలేదే" అంది.

"ఇప్పుడు చదువుడేందమ్మా తల్లీ! పొద్దు వాలుతుంది. కరెంటు పోయే టైమైతుంది" అని నెత్తి కొట్టుకున్నాను.

వినలేదు. రాసిందంతా చెరిపేసి పైకి పోయి మొదటినుంచి చదవసాగింది. ఆ పనికిమాలిన రాతలన్నీ ఒక్కొక్కటే. ఆ ఇద్దరి కొట్లాట నడుమ వంశీ అనే పిల్లవాడి రాత ఒకటి నలిగిపోయి ఉంది. గద్వాల అబ్బాయి, హైదరాబాదులో ఉద్యోగం. ఉమారాణి గొంతు పెంచి చదివింది: 'ఆమెనో కాదో తెల్వదు. నిన్న మేం తిరిగొస్తుంటే అందరు పోయొస్తం అంటుండ్రు. ఎండిపోయిన వాగు మలుపు కాడ ఒక్క ముసలవ్వ మాత్రం వస్తున్నం లింగమయ్యా అనుకుంట ఎదురుగ దిగిపోతుంది. మేం నవ్వుకున్నం. ఆమెది నీలం చీర.' దాని కిందే ఎవడో, 'పచ్చ చీర అని రాసింది కనబడుతలేదా? టైంపాస్ చెయ్యకు' అని వాణ్ణి కసిరాడు. పాపం, వంశీ మళ్ళీ నోరెత్తలేదు.

ఉమారాణి దిగ్గున లేచింది. "అన్నా, అమ్మనే! లింగమయ్య కాడి గుండంల తానం చేసి చీర మార్చుకోకుంటదా? పచ్చది తడిసి మూటల ఉంటది. నేను చీర రంగు రాసిన, అందరు చీరనే దేవులాడుతుండ్రు."

"మరి దర్శనమైనంక మళ్ళ కిందికెందుకు పోతదమ్మా?"

తెరమీద 'వస్తున్నం' అన్న మాట మీద వేలు పెట్టింది. "అయిందన్న సంగతి యాదికి లేదేమో. చెప్పిందే చెప్తుంటది గదన్నా, ఈ నడుమ" అంది.

కురుమూర్తికి ఫోన్ చేసి వాగు మలుపు అని చెప్పింది. అడవి కాపలా పనిచేసే చెంచు మనిషి బయన్నను వెంటబెట్టుకుని అతను లోపలికి పోయాడు. లోపల ఫోన్లు పనిచేయవు. ఇక ఏ కబురూ లేదు. కరెంటు పోయింది. నేను షాపు షట్టర్ దించి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. గోడమీద ఎండ పైకి పాకుతోంది. ఇంకాసేపట్లో గేటు మూస్తారు. "ఏమైతదన్నా?" అని ఆమె అడగడం, "ఏం గాదు" అని నేను అబద్ధమాడటం. ఇంకేం చేయను?

దీపాల వేళకు కరెంటొచ్చింది, ఆ వెనకే ఫోన్ మోగింది. కురుమూర్తి.

"దొరికిందక్కా! అమ్మ దొరికింది! బయన్నకే ఇనబడ్డది. మలుపు కింద బండ నీడల కూసోని సన్నగ 'వస్తున్నం లింగమయ్యా' అంటుంది. కాళ్ళు బొబ్బలెక్కినయి, నోరెండిపోయింది. పానం మంచిగనే ఉంది. గేటు దాటి బయటికొచ్చినం, దవాఖానకు తీస్కపోతున్నం."

ఫోన్ పెట్టేయకుండానే ఉమారాణి గ్రూపులో 'అమ్మ దొరికింది. వంశీ తమ్మీ, నీ కాళ్ళు మొక్కుత' అని రాసింది. మరుక్షణమే దాని కింద ఒకడు, 'మన్ననూరు బస్టాండుల చూసినరా?' అని పెట్టాడు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

అప్పుడు రుక్కమ్మ ఫోన్లోకి వచ్చింది. ఎండిన గొంతు నాకూ వినిపిస్తోంది. "బిడ్డా, నాకింక దర్శనం కాలేదే. వీళ్ళు నన్ను నడుమల్నే మర్లేసి తెస్తుండ్రు. పొద్దుగాల ఊరోళ్ళతోని బండెక్కిననా..." అంటూ జాతర ప్రయాణం చెప్పుకొచ్చింది. బండి, ఎండ, రాళ్ళదారి, వాగు. వాగు దాకా వచ్చి ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. "పొద్దుగాల ఊరోళ్ళతోని బండెక్కిననా..."

అంతలో గుమ్మంలోకి ఒకాయన వచ్చి, "మేడం, సిస్టం ఖాళీ ఉందా?" అన్నాడు. ఉమారాణి ఆగమని చెయ్యి చూపింది. ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకుని, కళ్ళు తుడుచుకుంటూ, "ఊఁ, ఎక్కినవ్. తర్వాత ఏమైందమ్మా?" అంది.