సంత బండిలో అక్క

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నాది ఊళ్లు తిరిగే ఉద్యోగం. జబ్బు చేసినవాళ్లు ఆసుపత్రికి ఎందుకు రారు, వచ్చేవాళ్లు ఎట్లా వస్తారు అని పులివెందుల, జమ్మలమడుగు తాలూకాల్లో ఇంటింటికీ పోయి అడగడం నా పని. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో సంత రోజున ఆడవాళ్లు వసారా చాలక బయట చెట్ల కింద కూర్చునేవారు. మిగతా రోజుల్లో బల్లలు ఖాళీ. పల్లెల నుంచి బండ్లు ఆ రోజే కడతారు గనుక ఆ రోజే వస్తారని అనుకున్నాం. బండి దొరకకపోవడమే అడ్డమని తేల్చి, మిగతా రోజుల్లో ఊళ్లకు జీపు పంపాం. అది ఖాళీగా తిరిగొచ్చేది.

మా అక్కను జమ్మలమడుగు అవతల ఒక పల్లెలో ఇచ్చారు. కడుపులో గడ్డ లేచిందని, అన్నం సయించడం లేదని బావ కబురు పంపితే జీపులోనే పోయాను. అక్క వాకిట్లో శనక్కాయలు ఒలుస్తూ ఉంది. మనిషి సగమైంది.

"ఇప్పుడే పోదాం పదక్కా. లేడీ డాక్టరు ఉంటుంది."

"జీపు యాడ నిలిపినావు?"

"ఈడే, వాకిలి ముందర."

"ముందు దాన్ని తీసకపోయి చావిడి కాడ పెట్టు. దాంట్లో ఎక్కితే నేను బతికుండంగానే ఏడ్చేకి వస్తారు ఊరోళ్లు. సంత నాడు వస్తాలే."

"నేను చెప్తే ఇనదప్పా. నువ్వు చదువుకున్నోడివి, నువ్వు చెప్పు" అన్నాడు బావ.

"చదువుకున్నోడు కాబట్టే జీపు తెచ్చినాడు" అంది అక్క, కాయ మీంచి చూపు తిప్పకుండా.

ఆ పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. మేము ఊరూరా అడిగిన ప్రశ్నల్లో అది లేదు. జబ్బు మనిషిని పడుకోబెట్టో, ఇట్లా ఆసుపత్రి జీపు ఎక్కించో ఊరు దాటిస్తే ప్రతి ఇంటివాళ్లూ బయటికి వచ్చి చేయి పట్టుకుని మాట్లాడతారు. ఇక ఆ మనిషి మీద ఎవరూ ఆశ పెట్టుకోరు. అందుకని నడుము నిలిచినంత కాలం, జబ్బు మనిషి ఒళ్లో గంప పెట్టుకుని, సంతకు పోతున్నట్టు కూర్చునే పోవాలి.

సంత నాడు అక్క అట్లాగే బయలుదేరింది. నేనూ బండెక్కాను. బండి తోలే ముసలాయన ఆమె కూర్చునే చోట గడ్డి మందంగా పరిచాడు. బండిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు.

"ఏందక్కా, తమ్ముడు గూడా సంతకేనా?" అంది వాళ్లలో ఒకామె.

"వానికి బేరం తెలీదు. నేర్పిస్తాండా."

ప్రొద్దుటూరులో ముందు సంతలోకే పోయింది. వంకాయలు ఏరింది. గాజులమ్మే సాయిబులామెతో చాలాసేపు బేరమాడి, గాజులు తీసుకోకుండానే లేచింది. నేను తొందరపెడితే, "ఉత్త గంపతో పోతే ఏమనుకుంటారు?" అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, ఈరోజే చేర్చండి, ఆపరేషన్ చేస్తే నమ్మకం ఉంది అంది. అక్క చీర సర్దుకుని లేచింది.

"సంతకొచ్చినామె సంత బండ్లోనే పోవల్ల గదమ్మా."

నేను బతిమాలాను, కోప్పడ్డాను. "మళ్లీ సంతకు చూస్తాంలే" అంది. మందు సీసా వంకాయల కింద పెట్టుకుంది. బయటికి వస్తుంటే బండిలోని ఇద్దరిలో ఒకామె వసారా చివర గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఆమె పక్కనా గంప ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. తిరుగు బండిలో దారి పొడుగునా వంకాయల ధర గురించి మాట్లాడుకున్నారు.

మళ్లీ సంత నాటికి అక్క కూర్చోలేకపోయింది. జీపే తెచ్చాను. ఆసుపత్రి చేరినా ఆపరేషన్‌కు సమయం దాటిపోయింది. అక్కడే పోయింది.

ఆ రోజు అక్కను జీపులో పడుకోబెట్టి బయలుదేరేముందు ఊళ్లో అందరూ జీపు దగ్గరికి వచ్చారు. వసారాలో కనిపించినామె అక్క చేయి పట్టుకుని, "ఆ పొద్దు బండ్లో శానా నొప్పి పడినావు, నేను చూస్తానే ఉండా" అంది. వెనక ఒకరిద్దరు తల ఊపారు.

మరి ఇన్నాళ్లూ అక్క దాచింది ఎవరి దగ్గర? వాళ్లకు తెలుసని అక్కకు తెలుసా? ఆసుపత్రికి రాకపోవడానికి కారణాలు రాసే పని ఆ తర్వాత చాలా ఏళ్లు చేశాను. అక్క విషయంలో ఏమి రాయాలో ఇప్పటికీ తేలలేదు. దూరం కాదు, బండి కాదు, భయమని కూడా అనలేను.

ఆ రోజు జీపులో అక్క మాత్రం ఆమె చేతిలోంచి చేయి తీసుకుని నావైపు తిరిగింది.

"జీపు చావిడి కాడ పెట్టమంటి గదరా" అంది.