తుక్కుకు వెళ్ళి బతికొచ్చిన నా మోపెడ్

పర్చూరు పరిసర ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, నా పాత మోపెడ్ క్షేమంగా ఉంది.

ఈ రోజు పొద్దున దాన్ని తుక్కుకిచ్చి కొత్త బండి కొందామని ఒంగోలులో ఒక షోరూముకి వెళ్ళాను. అలా చేస్తే పర్యావరణాన్ని కాపాడినట్టేనని అక్కడి మేనేజరు మురిసిపోయాడు.

“మరి పాత బండిని ఏం చేస్తారండీ?” అన్నాను.

“ముక్కలు చేసి కరిగించేస్తామండి. ఇక దాని పొగ అనేదే ఉండదు.”

నాకెందుకో నమ్మకం కుదరలేదు. “అలాగా! పోయినేడు మా బావ మీకు తుక్కుకిచ్చిన స్కూటరు ఇంజను, ఇప్పుడు మా పక్క చేలో మిరపకి మందు కొడుతోందండీ. ఆ పొగకి తోట కనబడట్లేదు” అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఇంజన్లు దూరం ఊళ్ళకే అమ్మమని చెప్పానండీ మావాళ్ళకి. మీ దాకా ఎలా వచ్చింది?”

నేను మోపెడ్‌ని ఒక్క తన్ను తన్ని స్టార్ట్ చేసి ఇంటికొచ్చేశాను. ఎలాగూ పొగ తప్పనప్పుడు, అదేదో నేనే వదిలితే పోలా? మీరేమంటారు?

అన్నట్టు, ఆ స్కూటరు కథ నేను అక్కడికక్కడే అల్లింది. మా బావకి సైకిలు తొక్కడం కూడా రాదు.