పారబోసిన పదకొండు సీసాలు

మా సైన్సు సారు సోమవారం తెల్లవారుజామున ఎల్లారెడ్డిలో, తన ఇంట్లోనే చనిపోయారు. శవం లేవకముందే ఆయన పనిని మోరీలో కలిపించినవాడు తోళ్ల గోదాము యజమాని. పేరు రాయను. వాగు గట్టున నిలబడితే ముక్కుకే తెలుస్తుంది.

పూలదండతో వచ్చాడు. చావు జరిగిన ఇంట్లో నిల్వ నీళ్లు ఉంచకూడదని ఆడవాళ్లు బిందెలు వంపేస్తున్నారు. వాడు ఫ్రిజ్ తెరిచి, అందులో సారు దాచిన పదకొండు సీసాలు చూపించాడు. "గీ మురికినీళ్లు గూడ పారబొయ్యుండ్రి అమ్మా, మైల ఉంటది" అన్నాడు. ఏడుస్తున్నవాళ్లు నమ్మారు. నేను బయట పాడెకు వెదురు కోస్తున్నాను. మోరీలో చల్లటి నీళ్లు వచ్చి కాళ్లకు తగిలినప్పుడు తెలిసింది. వాళ్లమీద నాకు కోపం లేదు. వాడిమీద ఉంది, ఉంటుంది. ఆ సీసాలేమిటో వాడికి తెలుసు. పోయిన నెల సారే వాడికి చూపించి, కలిసి చేద్దాం రమ్మన్నారు.

గోదాములో తోళ్లకు ఉప్పు పట్టించి, కడిగిన నీళ్లు వాగులోకి వదులుతారు. కొవ్వు, నెత్తురు, ఉప్పు. అంత ఉప్పులో మామూలు సూక్ష్మజీవులు బతకడమే కష్టం, చలికాలంలో మరీ మందగిస్తాయి. ఆ నీళ్లను బాగుచేసే ఉపాయమే లేదని వాడు కాలుష్య తనిఖీ అధికారుల ముందు చేతులెత్తేసేది అందుకే. సారు వెతికారు. కామారెడ్డి పాత ఐస్ ఫ్యాక్టరీలో, మంచుదిమ్మలు కట్టించే ఉప్పునీళ్ల తొట్టిలో, అక్కడివాళ్లు హౌజు అనేదాంట్లో, ఆ చలిలోనే బతుకుతూ కొవ్వు తినే జీవులు దొరికాయి. సీసాను తడి గోనెలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కేవారు. ఒకసారి కండక్టర్ "ఏంది సార్, కల్లా?" అన్నాడు.

"కాదు బిడ్డా, పనోళ్లు. టికెట్ కొట్టకు."

పోయిన చలికాలం వాటిని కలిపితే, మూడు వారాల్లో సీసాల్లో పట్టిన గోదాము నీళ్ల మీది కొవ్వుతెట్టు పోయింది, కంపు తగ్గింది. ఉప్పు కూడా మాయమవుతుందని నేను ఆవేశంగా కరపత్రం రాశాను. సారు ఎర్రపెన్నుతో ఆ వాక్యం కొట్టేశారు. "ఉప్పును ఇవి తినవు. కోపంల అబద్ధం కలిపితే కోపం గూడ కుళ్లిపోతది" అన్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను: ఉప్పుకు వేరే దారి వెతకాల్సిందే.

ఈ శుక్రవారం అధికారులు గోదాముకు వస్తున్నారు. సారు వాళ్లకు సీసాలు చూపించాల్సిన రోజు అది. వాడి తొందరంతా అందుకే.

నిన్న ఐస్ ఫ్యాక్టరీ చూసుకునే చాచాకు చావు కబురు చెప్పడానికి వెళ్లాను.  కబురు విని హౌజు మీది చెక్కమూత లేపాడు.

"మీ సారు ఎప్పుడొచ్చినా ఓ చెంచాడు గిండ్ల తిరిగి పోసేటోడు బేటా. పెరుగుతోడు ఒక్కింట్లనే ఉంచుతరా అని నవ్వేటోడు. ఆయన పనోళ్లు ఈడనే ఉన్నరు."

మూత కింది చీకట్లోంచి పొగలాగా చలి లేచి మా ఇద్దరి ముఖాలకు తగిలింది.

గట్టి మూతున్న సీసా, తడి గోనె తెచ్చుకోండి. మొదటి బస్సుకే ఎల్లారెడ్డి పోయి, అధికారుల ముందే గోదాము నీళ్లలో కలుపుదాం. ఆ కలిపిన నీళ్లను మూడు వారాలు అధికారుల తాళం కిందే ఉంచుకొమ్మందాం. ఒళ్లో ఏమిటని కండక్టర్ అడిగితే పనోళ్లని చెప్పండి. శుక్రవారం పొద్దున ఆరింటికి, కామారెడ్డి పాత ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర.